చాటు కోసం వెదురు

రామలక్ష్మమ్మకు కోలాటం మీద మనసు పడేనాటికి యాభై ఆరేళ్ళు. వేంపల్లెలో వాళ్ళ వీధికి రెండు వీధుల అవతల సోమక్క అనే ఆమె ఆడవాళ్ళను పోగుచేసి ఒక జట్టు కట్టింది. పదిహేడు మంది పోగయ్యారు, జతకు ఒకరు తక్కువ. ఒకే రంగు చీరలు, కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో కుచ్చులు కట్టిన కోలలు. శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయి ఆడాలని వాళ్ళ పట్టుదల. ఒక సాయంత్రం ఊరికే చూడ్డానికని పోయిన రామలక్ష్మమ్మ ఒక జత కోలలు చేతపట్టుకుని ఇంటికొచ్చింది.

చిక్కేమిటంటే ఆమెకు అడుగు పట్టుబడదు. అందరూ కుడికి తిరిగితే ఈమె ఎడమకు తిరుగుతుంది. పక్కామె కోల తగలాల్సిన చోట ఈమె మోచెయ్యి ఉంటుంది. “ఇంటికాడ రోంత నేర్సుకో లక్ష్మమ్మా. ఇట్లయితే ఎవురికో ఒకరికి పన్ను రాలతాది” అని సోమక్క నవ్వుతూనే గట్టిగా చెప్పింది.

నేర్చుకోవడానికి చోటుకేం కొదవ లేదు. ఇంటి వెనక పెరడు పన్నెండు సెంట్లుంటుంది. ఎద్దులున్న రోజుల్లో వాటిని కట్టేసి మేతవేసే గాడిపాటి ఉన్న చోట ఇప్పుడు నాపబండలు పరిచి ఉన్నాయి. ఒక పక్క బట్టలుతికే బండ, ఇంకో పక్క కరివేపాకు చెట్టు, గోడ వారగా ఒక నులకమంచం. భర్తా కొడుకూ పొద్దున్నే అరటితోటకు పోతే మళ్ళీ మాపటికే రావడం. కోడలు నాగజ్యోతి ముందు గదిలో మిషను మీద జాకెట్లు కుడుతూ ఉంటుంది. అత్తాకోడళ్ళిద్దరికీ మంచి జత. పెరట్లో అడిగేవాళ్ళు లేరు, అనేవాళ్ళు లేరు.

అంటే, నిరుటి దసరా దాకా లేరు. దసరాకు వెనకింటి వాళ్ళు మూడంతస్తులు లేపారు. మొదటి అంతస్తు బాల్కనీ సరిగ్గా ఈ పెరటి మీదికి వచ్చింది. ఆ బాల్కనీలో ఒక కుర్చీ, కుర్చీలో ఓబుళేశు.

ఓబుళేశు పోస్టుమ్యాన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళు సైకిలు తొక్కిన మోకాలికి ఆపరేషన్ అయింది. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. మెట్లు దిగాలంటే ఆయనకు భయం. అందుకని పొద్దున కాఫీ దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా బాల్కనీయే ఆయన లోకం. ఎదురుగా కనిపించేది రామలక్ష్మమ్మ పెరడొక్కటే.

“చెల్లెమ్మా, ఆ గిన్నెలో నానబెట్టిండేది అలసందలా?”

“చెల్లెమ్మా, తీగ మీద ఆ పచ్చ చీర గాలికి జారతాండాది సూడు.”

చెడ్డమనిషి అయితే ఒక మాట అనేసి ఊరుకోవచ్చు. ఈయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన తంటా. చీర నిజంగానే జారుతూ ఉంటుంది. ఆమె తలకు నూనె పెట్టుకుని నైటీలో మంచం మీద నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో. అన్నిటికంటే పెద్ద బాధ కోలాటం దగ్గర వచ్చింది. ఆమె కోలలు పట్టుకుని నాలుగడుగులు వేసిందో లేదో పైనుంచి మాట ఊడిపడేది.

“నాలుగో అడుగు కాడ తిరుగుతాండావు చెల్లెమ్మా. ఐదో అడుగుకు తిరగల్ల.”

ఆమె వినపడనట్టు మళ్ళీ మొదలుపెట్టేది. నాలుగో అడుగు దగ్గరే మళ్ళీ తిరిగేది. ఆయన నాలుక చప్పరించిన చప్పుడు కింది దాకా వినిపించేది.

మొదట గుంజలు పాతి ఆకుపచ్చ నెట్టు కట్టి చూశారు. కార్తీకంలో వచ్చిన తుపాను గాలికి అది చిరిగిపోయి కేబుల్ తీగకు వేలాడింది. గోడ లేపుదామంటే బాల్కనీ ఎత్తుకు గోడ ఎవరు కడతారు? అప్పుడు నాగజ్యోతే అనింది, “అత్తా, వెదురు పెడదాం. మా పిన్నమ్మోళ్ళ ఊర్లో స్కూలు సుట్టూ పెట్టినారు. లోపల పిల్లోళ్ళు ఉండారో లేదో గూడా తెలీదు.”

రామలక్ష్మమ్మకు ఆ మాట నచ్చింది. అత్తాకోడళ్ళిద్దరూ పులివెందుల రోడ్డులో పుల్లన్న నర్సరీకి పోయారు. అప్పుడు మార్చి నెల.

పుల్లన్న నాలుగు రకాలు చూపించాడు. ఒకటి ముళ్ళ వెదురు. దాని వైపు చూడగానే రామలక్ష్మమ్మ తల అడ్డంగా ఊపింది, పెరట్లో చీరలు ఆరేసుకునే చోటది. ఇంకొకటి సన్న ఆకుల వెదురు, కంచెలాగా గుబురుగా వచ్చేది. మూడోది గట్టి వెదురు. లోపల డొల్ల లేకుండా కట్టె నిండుగా ఉంటుందట, మొక్క మాత్రం గడ్డిపోచల కట్టలాగా అందం చందం లేకుండా ఉంది. నాలుగోది పసుపు వెదురు. పసుపుపచ్చ కాండం మీద ఎవరో కుంచెతో గీసినట్టు ఆకుపచ్చ చారలు. రామలక్ష్మమ్మ కళ్ళు దాని మీదే నిలిచిపోయాయి.

“చూసేదానికి బంగారమేనమ్మా,” అన్నాడు పుల్లన్న. “కాని దీనికి నీళ్ళు శానా కావల్ల. మీ వీధిలో బోరు నీళ్ళు ఉప్పు. పైగా ఎండలు ముందర పెట్టుకోని ఎందుకు? వానలు పడినాక రాండి.”

“రోజూ రెండు బిందెలు పోస్తాలే పుల్లన్నా,” అని ఆమె నాలుగు పసుపు మొక్కలే తెచ్చుకుంది. తెచ్చి గోడకు ఆనించి బారుగా నాటింది. ఓబుళేశు పైనుంచి ఎంతో ముచ్చటపడ్డాడు.

ఏప్రిల్లో ఆకులు బీడీల మాదిరి చుట్టుకున్నాయి. మేలో గోడకున్న వేడికి కొసలు కాలిపోయాయి. రెండు బిందెలు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. మట్టి మీద ఉప్పు తెల్లగా పేరుకుంది తప్ప మొక్కకు ప్రాణం రాలేదు. “చెల్లెమ్మా, మూడోది గూడా వాడిపాయనే” అని బాల్కనీ నుంచి రోజూ కబురు వచ్చేది. ఆ మాటలో బాధ ఉందని ఆమెకు తెలుసు. అయినా పళ్ళు కొరుక్కునేది.

జూలైలో నాలుగు జల్లులు పడ్డాక ఆమె మళ్ళీ నర్సరీకి పోయింది. ఈసారి పుల్లన్న మొక్క ఇవ్వనన్నాడు. “ముందు జాగా సూస్తా. జాగాను బట్టి మొక్క. మొక్కను బట్టి జాగా కాదమ్మా.”

మరునాడు గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. పెరట్లో మూడు చోట్ల జానెడు లోతు తవ్వి చూశాడు. ఒకచోట ఎర్రమట్టి, రెండు చోట్ల రాళ్ళు కలిసిన గరుసు. గుంతలో బక్కెట నీళ్ళు పోసి, అవి ఇంకేదాకా బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. గాలి ఏ పక్కనుంచి కొడుతుందో అడిగాడు. నీళ్ళ సంపు యాడుందో, పైపు యాడనుంచి పోతుందో అడిగాడు.

“ఆ మూల వద్దప్పా!” పైనుంచి కేక వచ్చింది. ఓబుళేశు కుర్చీలోంచి లేచి కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. “ఆ మూల కింద పాత లెట్రిన్ గుంత ఉండాది. ఇల్లు కట్టేటప్పుడు మా మేస్త్రి సెప్పినాడు. ఇటు రా, ఇటు!”

పుల్లన్న ఇటు వచ్చాడు. ఇద్దరికీ మాట కలిసింది. ఆయన చేతికర్రతో చూపిస్తుంటే ఈయన అడుగులు కొలుచుకుంటూ నడిచాడు. గోడకు ఆరడుగులు ఎడమివ్వాలనీ, గోడ వేడి తగిలితే లేత ఆకు కాలిపోతుందనీ, రెండు మొక్కల మధ్య మనిషి చేతులు చాపి తిరిగేంత జాగా కావాలనీ పుల్లన్న చెప్పాడు. తను ఇచ్చే వెదురు ఉన్నచోటే గుబురు కడుతుంది తప్ప వేరు దూరంగా పాకి పక్కింట్లో లేవదనీ హామీ ఇచ్చాడు. రామలక్ష్మమ్మకు మాత్రం కాళ్ళు నిలవడం లేదు. చాటు ఎవరి నుంచి కావాలో ఆమె పుల్లన్నకు నర్సరీలోనే రహస్యంగా చెప్పి ఉంది.

పుల్లన్నది రోడ్డు మీద లారీల చప్పుడులో బేరం చేసి చేసి పెరిగిన గొంతు. ముగ్గుపిండితో ఒక గుర్తు పెట్టి, బాల్కనీ వైపు ఒకసారి చూసి, తృప్తిగా అన్నాడు.

“ఈ సారు కనపడకూడదంటిరి గదమ్మా, ఈడ పెడితే సరిగ్గా సరిపోతాది.”

నాగజ్యోతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రామలక్ష్మమ్మకు చెవులు వేడెక్కాయి. తలెత్తి చూడలేక నాపబండల వైపే చూస్తూ నిలబడింది.

కాసేపటికి పైనుంచే మాట వచ్చింది, నెమ్మదిగా.

“ఆడ గాదప్పా. ఆడ పెడితే నేను ఈ కొసకు కుర్చీ జరుపుకుంటే మళ్ళా కనపడతా. ఇంకో రెండడుగులు ఎడమకు రా... ఆఁ, అంతే. ఇప్పుడు సరిపాయ.”

ఆ మాట అని ఆయన కర్ర ఊతంగా పెట్టుకుంటూ లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది.

పుల్లన్న ఐదు గుంతలకు గుర్తులు పెట్టి, ఒకటి తవ్వి చూపించాడు. తవ్వాక వారం రోజులు ఎండనిచ్చి, పశువుల ఎరువు కలిపి, వాన పడిన మరునాడు నాటమన్నాడు. నర్సరీ నుంచి ఐదు మొక్కలు తెప్పించి, సంచుల్లోనే కరివేపాకు చెట్టు నీడన పెట్టి పోయాడు.

ఆ మరునాడు బాల్కనీలో కుర్చీ ఖాళీ. ఆ తర్వాత రోజూ అంతే. రామలక్ష్మమ్మ తలకు నూనె పెట్టుకుని మంచం మీద పడుకుంది. పడుకుందే కానీ కునుకు పట్టలేదు. కోలలు తీసుకుని ఆడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, తిరిగింది. తప్పిందని తెలుసు. పైనుంచి నాలుక చప్పరించేవాళ్ళు లేరు. జట్టులో సోమక్క ఆమెను వెనక వరసకు మార్చింది. శ్రావణం ఇంకా మూడు వారాలు కూడా లేదు.

“ఆయప్ప సెప్పింది నిజమే గదా అత్తా,” అనింది నాగజ్యోతి జాకెట్టుకు హుక్కులు కుడుతూ. “నువ్వు నాలుగు కాడనే తిరుగుతాండావు. నేను గూడా సూసినా.”

“నువ్వు సూస్తే నాకేం సిగ్గు లేదు.”

“ఆయప్ప సూస్తే సిగ్గా, ఆయప్ప సెప్పింది నిజమైతే సిగ్గా?”

రామలక్ష్మమ్మ మధ్యాహ్నం శనగబ్యాళ్ళు ఉడకేసి, బెల్లం కలిపి రుబ్బి ఓళిగలు తట్టింది. ఒక డబ్బాలో పెట్టుకుని, చుట్టూ తిరిగి పోయి, వెనకింటి మెట్లెక్కింది.

తలుపు తీసిన ఓబుళేశు తడబడ్డాడు. “రా చెల్లెమ్మా, రా. ఇంట్లో ఎవురూ లేరు, కాఫీ నేనే పెట్టల్ల.”

“కాఫీ వద్దన్నా. నేను ఒక మాట సెప్పి పోదామని వచ్చినా. నీ మీద నాకు కోపం లేదు. నాకు ఆట రాదు. రానిది ఒకరు సూస్తాంటే మనసుకు కష్టం. అంతే.”

ఆయన ఓళిగ డబ్బా రెండు చేతుల్తో అందుకుని బల్ల మీద పెట్టాడు. “నాది గూడా తప్పే. ఆడోళ్ళ పెరడు. యాడికన్నా సూద్దామంటే కుర్చీ ఇటే వేసినారు. కాని చెల్లెమ్మా, నువ్వు కోలలు పట్టుకుంటే నేను ఊరికే ఉండలేను. ఉండు, ఒకటి సూపిస్తా.”

లోపలికి పోయి ఒక గుడ్డ మూట తెచ్చాడు. విప్పితే నల్లగా నునుపుదేరిన చెక్కలు ఒక జత, వాటి మధ్య చిన్న ఇత్తడి బిళ్ళలు. ఆయన సొంతూరు గండికి ఆపక్క చిన్న పల్లె. కుర్రతనంలో చెక్కభజన జట్టులో ముందు నిలబడి అడుగు చెప్పింది ఈయనేనట. ఉద్యోగం వచ్చాక కూడా తిరునాళ్ళ రోజుల్లో సెలవు పెట్టి పోయేవాడు. ఆపరేషన్ అయ్యాక చెక్కలు మూటలోనే ఉండిపోయాయి.

“నువ్వు కాళ్ళతో లెక్కబెడతాండావు,” అన్నాడాయన. “చెవితో లెక్కబెట్టల్ల. విను.”

కుర్చీలో కూర్చుని చెక్కలు వేశాడు. నాలుగు దెబ్బలు బిగువుగా పడ్డాయి. ఐదోది కాస్త సాగింది. ఆ సాగిన చోట రామలక్ష్మమ్మ భుజం తనంతట తానే కుడికి తిరిగింది. చేతిలో కోలలు లేవు, కాళ్ళకు గజ్జెలు లేవు, ఎన్నడూ అడుగుపెట్టని ఇంట్లో నడి హాల్లో నిలబడి ఆమె మళ్ళీ తిరిగింది. సరిగ్గా తిరిగింది. గట్టిగా నవ్వు వచ్చేసింది.

“అన్నా, మళ్ళా ఒకసారి వాయించు!”

పది సార్లు వాయించాక ఆమె ఆయాసపడుతూ బాల్కనీలోకి వచ్చింది. తన పెరడును పైనుంచి చూడడం ఆమెకు అదే మొదటిసారి. నాపబండలు నీళ్ళ తడికి నీలంగా మెరుస్తున్నాయి. ఉతికే బండ దగ్గర్నుంచి మురికినీళ్ళు సన్నటి కాలవగా పారి ఒక మూల ఇంకిపోతున్నాయి. మంచం, తీగ మీద చీరలు, సంచుల్లో వెదురు మొక్కలు. ముగ్గుపిండి గుర్తులు మాత్రం ఆమె కంటికి నచ్చలేదు. ఐదూ బాల్కనీ ఎదుట బారుగా, తలుపు వేసినట్టు ఉన్నాయి.

“నాకు చాటు కావాల్సింది బండ కాడ, మంచం కాడ,” అనింది ఆమె ఆలోచించుకుంటూ. “ఆటకు చాటు వద్దు. నువ్వు సూడకపోతే నాకు ఆట రాదు.” ఆ వెంటనే కిందికి వంగి కేక వేసింది. “జ్యోతీ! బిన్నా రా! ఒక పొడుగు కట్టె, ఒక చీర తీసుకోని రా!”

నాగజ్యోతి మిషను ఆపి పరుగెత్తుకొచ్చింది. చీర కట్టెకు తగిలించి, వెదురు ఎదిగితే ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తుకు లేపి పట్టుకుంది. అత్త పైనుంచి కుడికి, ఎడమకు, వెనక్కి అంటుంటే పెరడంతా తిరిగింది. ఆ తర్వాత కట్టె కరివేపాకు కొమ్మకు ఆనించి, తనే పోయి మంచం మీద వెల్లకిలా పడుకుంది.

“కనపడతాండానా అత్తా?”

“కాళ్ళు కనపడతాండాయి!”

“ఇప్పుడు?”

“తల!”

“మంచమే జరపండి పాపా,” అన్నాడు ఓబుళేశు. ఆయన పద్ధతిగా కళ్ళు మూసుకుని వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నాడు. “వెదురుకు జాగా దొరికినాక మంచానికి జాగా దొరకదా?”

నిజమే. మంచం నాలుగడుగులు జరిపితే లెక్క సరిపోయింది. నాగజ్యోతి పడుకున్న చోటే పడుకుని పైకి చెయ్యి ఊపింది, ఆ చెయ్యి కూడా కనపడలేదు.

సాయంత్రం పుల్లన్నకు ఫోను చేస్తే మొదట కసురుకున్నాడు. మళ్ళీ వచ్చి చూశాక గొణుగుడు మానేశాడు. ఉతికే బండ కాలవ దగ్గర సన్న ఆకుల వెదురు రెండు పెట్టించాడు, దానికి నీళ్ళ తోడు కావాలి కాబట్టి. సబ్బు నీళ్ళు నేరుగా వేరులోకి పోకుండా కాలవను మూరెడు పక్కకు తిప్పించాడు. పడమటి గాలి కొట్టే గరుసు నేలలో, మంచానికీ బాల్కనీకీ నడుమ, గట్టి వెదురు మూడు. “ఇది ఎండకు, గాలికి, గరుసు నేలకు దేనికీ జంకదు,” అన్నాడు. “మీరు మొదటి రెండు ఎండాకాలాలు ఆదుకుంటే సాలు. ట్యాంకర్ నీళ్ళు దొరికిన దినం ఒక బిందె పోయండి, ఉప్పు కడుక్కుపోతాది. మొదలు కాడ ఎండుటాకులు మందంగా కప్పల్ల.” నాపబండల ముందర మాత్రం ఏమీ నాటలేదు.

ఆ పదిహేను రోజులూ బాల్కనీలో చెక్కలు మోగాయి. శ్రావణం రెండో శనివారం గండిలో సోమక్క జట్టు ఆడినప్పుడు రామలక్ష్మమ్మ ముందు వరసలో ఉంది. ఒక్కచోట తప్పింది. అయితే ఆ చోట సోమక్క కూడా తప్పింది, కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

వచ్చిన ఎండాకాలం గట్టి వెదురు ఆకంతా రాల్చేసింది. రామలక్ష్మమ్మ గుండె జారిపోయి పుల్లన్నకు ఫోను చేసింది. “ఇది గూడా పాయెనప్పా!”

“పోలేదమ్మా, నిద్ర పోతాండాది. గోరుతో గీకి సూడండి.”

గీకితే చర్మం కింద పచ్చగా ఉంది. జూన్ జల్లుకు మూడు గుబుర్లూ మళ్ళీ చిగిర్చాయి. కాలవ దగ్గరి సన్న వెదురైతే అప్పటికే ఆమె భుజాలు దాటింది. దాని వెనక కూర్చుని బట్టలు ఉతుక్కుంటూ ఆమె గొంతెత్తి పాడుకునేది.

ఆ పై ఏడు శ్రావణానికి ముందు మంచి వాన పడింది. సోమక్క జట్టు మొత్తం ఇప్పుడు రామలక్ష్మమ్మ పెరట్లోనే సాధన చేస్తోంది. వాన వెలిసిన మూడో రోజు పొద్దున్నే కసువు ఊడుస్తూ ఆమె ఆగిపోయింది. గట్టి వెదురు మొదళ్ళ దగ్గర ఎండుటాకులను చీల్చుకుని గోధుమరంగు మొనలు పైకి వచ్చి ఉన్నాయి. పాత బొంగులు వేలంత లావు. ఇవి బొటనవేలుకు రెండింతలున్నాయి. వంగి లెక్కపెట్టింది. ఒక గుబురుకు నాలుగు, ఇంకోదానికి మూడు, మూడోదానికి ఐదు.

“జ్యోతీ! అన్నా! మొలకలొచ్చినాయి!”

సాయంత్రానికి సాధనకు వచ్చిన జట్టంతా కోలలు పక్కన పడేసి గుబుర్ల చుట్టూ మూగింది. పొద్దున నాగజ్యోతి దారం కట్టి గుర్తు పెట్టిన మొలక అప్పటికే రెండు వేళ్ళ ఎత్తు పెరిగింది. ఒకామె చెవి పెట్టి వింటే పెరిగే చప్పుడు వినపడుతుందేమోనని నేల మీద కూర్చుంది. “మాకు గూడా తలా ఒక పిలక ఈయల్ల” అని సోమక్క ఇప్పటినుంచే వంతులు రాసుకుంటోంది.

ఆ సందడిలో పెరటి తలుపు చప్పుడైంది. నాగజ్యోతి పోయి తీసింది. వాకిట్లో ఓబుళేశు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేత్తో గోడ పట్టుకుని, చెమటలు కారుతూ.

“ఇరవై రెండు మెట్లు,” అన్నాడు. “పైనుంచి ఆకు తప్ప ఏం కనపడల్యా. మొలక సూడల్ల గదా.”

ఆడవాళ్ళు దారి ఇచ్చారు. ఆయన కుంటుకుంటూ వచ్చి, నడుం వంచలేక, కర్ర మొనతో మొలకను మెల్లగా తాకాడు. ఆ తర్వాత రామలక్ష్మమ్మ తెచ్చిన మజ్జిగ గ్లాసు అందుకుని మంచం మీద కూర్చున్నాడు. తలెత్తి తన బాల్కనీ కోసం వెతికాడు. ఎదురుగా గట్టి వెదురు ఆకులు ఊగుతున్నాయి, వాటి సందుల్లోంచి ఆకాశం మాత్రం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది.

“మా ఇల్లు యాడ పాయ చెల్లెమ్మా?” అని పిల్లవాడిలా నవ్వాడు. “శానా బాగా పెట్టినావు.”

“మజ్జిగ తాగి అడుగు సెప్పన్నా, పొద్దు పోతాండాది,” అనింది రామలక్ష్మమ్మ కోలలు అందుకుంటూ. ఆయన జేబులోంచి చెక్కలు తీశాడు. పద్దెనిమిది మందీ నాపబండల మీద గుండ్రంగా నిలబడ్డారు. తడి ఆరని బండల మీద గజ్జెలు ఒక్కసారిగా ఘల్లుమన్నాయి.